పైపులో మిగిలిన నీళ్ళు

"ఇవాళైనా నోరు తెరుస్తావా, తెరవవా?" అన్నాడు మొగుడు. చెక్కబల్ల మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడేమో, ఆ మాట పెళ్ళాంతో అన్నట్టు లేదు, పైకప్పు రేకుతో అన్నట్టుంది.

ఆమె పని ఆపలేదు. ఒళ్ళో ఎవరిదో భుజాన తగిలించుకునే సంచి ఉంది. దాని జిప్పు పళ్ళు ఊడిపోయాయి. పాత కుట్లు ఒక్కొక్కటే బ్లేడుతో తెంపుతోంది. ఒక కుట్టు తెంపడం, ఒక ఆవలింత. పొద్దున్నే ఇంత అలసట ఎక్కడినుంచి వస్తుందో ఆమెకే తెలీదు. నిద్రపోయి లేచింది గానీ, నిద్ర ఎవరో వేరేవాళ్ళు పోయినట్టుంది.

"వినిపించిందా?"

"వినిపించింది. రేకుకి కూడా వినిపించింది."

"కింద ఇల్లు కావాలని ఒక్క మాట అనవే. వీధిలో అందరూ అడుగుతున్నారు. నువ్వొక్కదానివే అందరి గోడూ వినడానికి పుట్టినట్టు కూర్చుంటావు."

ఆయన అన్నదాంట్లో తప్పేం లేదు. ఆయన గోదాములో బస్తాలు మోసినవాడు. ఒకరోజు భుజం మీంచి బస్తా జారబోతే ఒడుపుగా పట్టుకోబోయాడు. బస్తా నిలిచింది, నడుం పోయింది. అప్పటినుంచి కూర్చుంటే లేవలేడు, లేస్తే కూర్చోలేడు. మెట్ల సంగతి అలా ఉంచి, గడప దాటడానికే తలుపు రెక్క పట్టుకుంటాడు. ఇంటికి ఇప్పుడు ఆధారం కుట్టుమిషను. ఆ మిషనుకి ఆధారం వీధి మొదట్లో ఉన్న వాళ్ళ గుమ్మం. పనికి పరిగెత్తేవాళ్ళు గుమ్మంలోంచే ప్యాంటు విసిరి, "మిషను వదినా, అంచు మడిచి పెట్టు, సాయంత్రం పట్టుకుపోతా" అని ఆగకుండా పోతారు. ఆమె గిరాకీ అంతా అలాంటిదే, నడిచేవాళ్ళ దారిలో ఉన్నందుకు దొరికే గిరాకీ. ఒక ప్యాంటు అంచు కోసం మూడంతస్తులు ఎక్కి వచ్చే మనిషి లోకంలో ఉండడు.

ఎక్కడం దిగడం గురించిన గొడవ ఎందుకొచ్చిందంటే, ఆ వీధి మొత్తాన్ని పడగొట్టి అదే జాగాలో మళ్ళీ కట్టబోతున్నారు. అటూ ఇటూ రేకుల ఇళ్ళు, మధ్యలో మురుగు కాలవ, కాలవ మీద అక్కడక్కడా బండలు. వీధంటే ఇంతే. దీని బదులు ఇటుకల మేడ వస్తుంది. కింద ఒక వరస ఇళ్ళు, వాటి మీద మూడంతస్తులు. అన్నీ ఒకటే కొలత. లిఫ్టు ఉండదు. ఎవరు ఏ ఇంట్లో ఉండాలో చీటీలు వేసి తేల్చేద్దాం అని ఇళ్ళ ఆఫీసువాళ్ళు మొదట్లో అన్నారు. "చీటీకేం తెలుసు మా మోకాళ్ళ సంగతి? మా ఇళ్ళు మేమే పంచుకుంటాం" అని వీధి వీధంతా ఒక్క గొంతుతో అరిచింది. అరిచిన రోజున అందరికీ మహా సంబరంగా ఉండింది. పంచుకోవాల్సిన రోజు ఇవాళ.

ఆ పంపకానికి పెద్ద మిషను వదినే.

ఈ పెద్దరికం ఆమెకి మీటింగులతో రాలేదు, నీళ్ళ ట్యాంకరుతో వచ్చింది. ట్యాంకరు రోజు విడిచి రోజు వస్తుంది. ఒకప్పుడు పైపు ఎవరి చేతికి చిక్కితే వాళ్ళ బిందెలు నిండేవి, మిగతావాళ్ళ నోళ్ళు లేచేవి. ఒకరోజు రెండు బిందెలకీ ఒక తలకీ సొట్టలు పడ్డాయి. అప్పుడే కాపురానికి వచ్చిన ఈమె, ఎవరితోనూ ఇంకా పట్టుమని పది మాటలైనా ఆడనిది, వచ్చి పైపు అందుకుంది. "పట్టేది నేను. నా బిందె ఆఖర్న పెట్టుకుంటాను. ఇంక మీకు అనుమానం లేదు కదా" అంది. నిజమే, అనుమానించడానికి ఏమీ మిగల్లేదు. అప్పటినుంచి పైపు ఆమెది, ఆఖరి బిందె ఆమెది.

ఆఖరి బిందెకి వచ్చేది ట్యాంకరు అడుగున ఉండే మడ్డి. ఒక్కోరోజు అదీ ఉండదు. అయితే ట్యాంకరువాడు కుళాయి కట్టేశాక ఆ పొడుగాటి పైపు కడుపులో కాసిని నీళ్ళు ఉండిపోతాయి. ఆమె పైపు ఒక కొస భుజానికెత్తుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ రెండో కొస దాకా నడుస్తుంది. భుజం కిందనుంచి నీళ్ళు జరుగుతున్నట్టు తెలుస్తూ ఉంటుంది. చివరికి బుడబుడమని బిందెలో పడతాయి. ఆ నీళ్ళు ఎవరూ అడగలేదు. అడగాలని ఎవరికీ తోచలేదు. పైపు పట్టినవాళ్ళకి పైపులో నీళ్ళు అన్నది ఎవరూ పైకి అనకుండానే నిలబడిపోయిన మాట.

నీళ్ళు సరిగ్గా పంచింది కదా అని తర్వాత కాలవ మీద బండలు ఎక్కడ వెయ్యాలో అడిగారు. తర్వాత మరుగుదొడ్ల దగ్గర లైటు ఎటు తిరగాలో అడిగారు. అలా అడుగుతూ అడుగుతూ ఇళ్ళ మీటింగుల దాకా లాక్కొచ్చారు. ఎన్ని మీటింగులో! ఆఫీసువాళ్ళు మారారు, కాగితాలు మారాయి, మీటింగుకి తెచ్చే చాపలు చిరిగి కొత్తవి వచ్చాయి. కిటికీ ఎత్తు మీద ఒక రోజంతా పోయింది. గిన్నెలు కడిగే మోరీ ఎటు పక్క ఉండాలన్నదాని మీద రెండు ఇళ్ళవాళ్ళు మాటలు మానేశారు, వాళ్ళని మళ్ళీ కలపడానికి ఇంకో రోజు. అందరి మాటా అందరూ వినాలి అనేవాళ్ళు ఆఫీసువాళ్ళు. వింటుంటే చేతిలో పని ఆగిపోతుందని వాళ్ళకి ఎవరూ చెప్పలేదు. ఆమె కూడా చెప్పలేదు. సంచులూ ప్యాంట్లూ మీటింగుకే తీసుకుపోయి, వింటూనే చేత్తో కుట్టేది.

సంచి పక్కన పెట్టి లేచింది.

"వెళ్ళొస్తా. గ్లాసులో నీళ్ళున్నాయి."

"అడుగు" అన్నాడు మొగుడు రేకుతో.

*

వీధి వెనకాల ఒక పాత షెడ్డు కూలిపోయిన జాగా ఉంది. మేస్త్రి అక్కడే ముగ్గు పోశాడు. అతనూ ఆ వీధివాడే, కట్టబోయే మేడలో అతనికీ ఒక ఇల్లుంది. కింద వరస మొత్తాన్ని అసలు కొలతలతో సున్నం గీతల్లో దించాడు. గదులు, వంటిల్లు, మోరీ, గుమ్మాలు, మధ్యలో మెట్లు. గోడల బదులు తాళ్ళు కట్టి వాటి మీద ఇంటింటి దుప్పట్లూ వేశారు. ఈ ఆలోచన ఆఫీసమ్మాయిది. "కాగితం మీద చూస్తే ఎవరికీ తెలీదు. మీ ఇంట్లో నడిచినట్టు నడవండి. ఎక్కడ ఇబ్బందో మీరే చెప్పండి" అంది.

నడిచిన మొదటి రోజున ఒక వింత జరిగింది. గుమ్మం దగ్గరికి రాగానే ప్రతివాళ్ళూ పక్కకి తిరిగి, ఒక భుజం ముందు పెట్టి, కడుపు లోపలికి పీల్చి దూరారు. గుమ్మం అంత వెడల్పున ఉంది, ఇద్దరు చేతులు పట్టుకుని పోవచ్చు. అయినా ఎవరూ ఎదురుగా పోలేదు. ఈ వీధిలో పుట్టిన పిల్లలు కూడా అంతే. ఆఫీసమ్మాయి అది చూసి ఏదో రాసుకోబోయి, రాయకుండా కలం మూసేసింది.

మెట్ల దగ్గర ఇంకో వింత. నేల మీద గీసిన మెట్లు కదా, అందరూ టకటకా నడిచేశారు. ముసలివాళ్ళు కూడా. "ఇంతేనా! ఇంత జాగా మెట్లకెందుకు దండగ, ఒక అడుగు కోసి వంటింటికి కలపండి" అన్నారు. చేతులెత్తారు. కలిపేశారు. ఆ మెట్లు నిలబడితే ఎంత నిటారుగా ఉంటాయో ఆమెకి ఇంటికి పోయి పడుకున్నాక గానీ తట్టలేదు. తట్టాక మళ్ళీ ఇంకో మీటింగు పెట్టించే ఓపిక ఎవరికుంది?

ఇవాళ అందరూ ఆ సున్నం ఇళ్ళలోనే చాపలు పరుచుకుని కూర్చున్నారు. ఎవరికి ఏ ఇల్లు కావాలో వాళ్ళు ఆ గీతల మధ్యే చోటు చూసుకుని తిష్ఠ వేశారు. కింద ఉన్నవి ఎనిమిదే ఇళ్ళు. కూర్చున్నవాళ్ళకి మాత్రం లెక్క లేదు.

"లేవండమ్మా, కూర్చున్నంత మాత్రాన ఇల్లు అయిపోదు" అంది ఆమె. "ఒక్కొక్కళ్ళే చెప్పండి. ఎవరికి కింద ఎందుకు కావాలో."

ఆస్పత్రిలో ఆయాగా పనిచేసే ఆవిడ కొడుకుకి కాళ్ళు ఆడవు. ఎదిగిన పిల్లాణ్ణి ఆవిడే చంకనేసుకుని తిప్పుతుంది. ఆవిడ నోరు విప్పకముందే నలుగురూ "ఆవిడకి కింద" అనేశారు. చూపు ఆనని మేదరి తాతకి కింద. నెలలు నిండుతున్న అమ్మాయి తనకి కింద కావాలంటే ఆడవాళ్ళంతా గొల్లుమన్నారు.

"మేడ లేచేసరికి నీ పిల్లాడు నిన్నే ఎత్తుకుని పైకి తీసుకుపోతాడే!"

అక్కడిదాకా బాగానే ఉంది. తర్వాత కోళ్ళ బాబాయి లేచాడు. ఇంటి నిండా కోళ్ళు పెంచుతాడు కాబట్టి ఆ పేరు. ఎవరితో పోట్లాడినా ముక్కు ముందుకి పొడుస్తూ మాట్లాడతాడు కాబట్టి ఆ పేరు మరీ స్థిరపడింది.

"నాకు కింద ఇల్లు కావాలి. నా కోళ్ళు మెట్లెక్కవు."

"ఎగురుతాయి కదా బాబాయ్" అన్నాడు మేస్త్రి.

"ఎగిరేవైతే నా దగ్గరెందుకు పడుంటాయిరా?"

నవ్వులు. ఆమె కూడా నవ్వింది గానీ, నవ్వుతూనే ఈ మనిషిని దారికి తేవడానికి ఎంత సేపు పడుతుందో లెక్క వేసుకుంది. ఎండ నడినెత్తికి వచ్చేదాకా పట్టింది. ఒకటో అంతస్తు మొదటి ఇంటికి ముందు వసారా ఉందని చూపించింది. పొద్దుటి ఎండ అక్కడే పడుతుందంది. "నీ ఒక్కడి మాటకి వీధంతా ఎదురుచూస్తోంది బాబాయ్. నువ్వు సరే అంటే మిగతావాళ్ళు నీ దారినే వస్తారు" అంది. ఆ ఆఖరి మాటకి మెత్తబడి, "సరే ఏడవండి" అని కూర్చున్నాడు. నిజంగానే ఆయన చూపిన దారిన ఇంకో ముగ్గురు కింద ఇళ్ళు వదులుకుని పైకి ఒప్పుకున్నారు. వాళ్ళు ఒప్పుకున్నప్పుడు ఆమె ఒక్కొక్కరి మొహమూ చూసింది. ఎవరూ సంతోషంగా ఒప్పుకోలేదు. అరిగిపోయి ఒప్పుకున్నారు.

ముసలీ ముతకా ఉన్నవాళ్ళకి మిగతావి పోగా, కింద ఒక్క ఇల్లు మిగిలింది. అడిగేవాడు లిఫ్టు మావయ్య. పెద్ద ఆఫీసులో లిఫ్టు నడిపి రిటైరైన మనిషి. ఇప్పటికీ ఎవరైనా ఎదురైతే చెయ్యి చాచి లోపలికి దారి చూపిస్తాడు.

"జీవితమంతా పైకి వెళ్ళాను, కిందికి వచ్చాను" అన్నాడాయన. "ఒక్క మెట్టు ఎక్కిన పాపాన పోలేదు. ఇప్పుడు ఎక్కమంటే నా కాళ్ళకి ఆ విద్య రాదమ్మాయ్."

మళ్ళీ నవ్వులు. అందరూ ఆమె వైపు చూశారు. ఆమె "మావయ్యకే" అంటుందని, అంటే లేచి అన్నానికి పోవచ్చని.

ఆమె నాలుక ఎండిపోయింది. ట్యాంకరు దగ్గర ఎండలో నిలబడి పైపు పట్టుకున్నప్పుడు కూడా ఇంత ఎండలేదు. చేతిలో ఉన్న సూదిని దారంతో సహా కొంగుకి గుచ్చుకుంది.

"మాకూ కింద ఇల్లు కావాలి" అంది.

తాడు మీద ఒక దుప్పటి ఎగిరి చప్పుడు చేసింది.

"మా ఆయన నడుం సంగతి మీకు తెలుసు. నా మిషను పైకెక్కితే నాకు పని ఉండదు. ఇప్పటిదాకా అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నా."

"అదీ సంగతి!" కోళ్ళ బాబాయి ముక్కు లేచింది. "ఆఖర్న ఆఖర్న అంటూ అసలుది కొంగున కట్టుకుంది చూశారా! నా చేత వదిలించి, వీళ్ళ చేత వదిలించి, ఇప్పుడు తాను కూర్చుంటుందట!"

"బాబాయ్, నేను నీ ఇల్లు..."

"నాకేం చెప్పకు. నేను ఒప్పుకున్నది నీళ్ళలాగే ఇళ్ళల్లోనూ నువ్వు ఆఖరిది తీసుకుంటావని. నువ్వు అడిగితే నేనూ అడుగుతాను. నా కోళ్ళు మళ్ళీ దిగాయి, పో!"

"అయితే మాదీ లెక్కలోకి రాదు" అన్నారు వెనకనుంచి ఎవరో. ఇందాక పైకి ఒప్పుకున్న ముగ్గురిలో ఇద్దరు అప్పటికే లేచి నిలబడ్డారు. ఒకావిడ గబగబా పోయి తన చాప మళ్ళీ సున్నం గీతల మధ్య పరిచేసింది. నడకకి గీత చెరిగిపోయి, ఇంటికీ ఇంటికీ మధ్య గోడ ఏదో తెలియకుండా పోయింది.

లిఫ్టు మావయ్య చేతులు ఊపాడు. "ఎందుకు గోల? ఆ పిల్లకే ఇచ్చెయ్యండి. నేను ఎలాగో..." అంటూ లేవబోయాడు. లేవడం సగంలో ఆగింది. పట్టుకోవడానికి గోడ కోసం చెయ్యి చాచాడు. అక్కడ గోడ లేదు, దుప్పటి ఉంది. ఆమె ఒక్క అంగలో వెళ్ళి ఆయన మోచెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి బరువు ఆమెకి తెలిసిన బరువే. ఇంట్లో రోజూ పట్టుకునేదే.

ఆయన్ని నిదానంగా కూర్చోబెట్టింది. చుట్టూ చూసింది. గీతలు చెరుగుతున్నాయి. ఇవాళ ఇది విరిగితే మళ్ళీ ఎప్పటికి అతుకుతుంది? అతకనే అతకదు. చీటీలు వేస్తారు. ఆయా కొడుకు మూడో అంతస్తుకి పోవచ్చు, మేదరి తాత రెండో అంతస్తుకి. తనకి కింద ఇల్లు రానూ వచ్చు. ఆ సంగతి కూడా ఆమె ఆలోచించకపోలేదు. ఒక్క క్షణం ఆ చీటీని వేళ్ళ మధ్య పట్టుకుని చూసినట్టే చూసింది.

"సరే" అంది. "మావయ్య కిందే ఉంటాడు. మాకు ఆఖరిదే ఇవ్వండి. చాపలు తియ్యండి, గీతలు తొక్కకండి."

అందరూ ఒక్కసారి ఊపిరి వదిలారు. ఆమె మనసులో గుచ్చుకున్నది బాబాయి మాటలు కాదు, ఆ ఊపిరి. అంత త్వరగా వదలాలా? అయ్యో అనడానికైనా ఒకళ్ళు ఆగలేదు. ఆఖరిది ఏదో ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. మూడో అంతస్తు, ఆ చివర.

*

జనం దుమ్ము దులుపుకుని లేస్తున్నారు. ఆమె అక్కడే కూర్చుని కొంగు నుంచి సూది తీసింది. దారం చిక్కుపడిపోయింది. విప్పబుద్ధి కాలేదు.

ఆఫీసమ్మాయి మొహం కూడా వాడిపోయి ఉంది. పొద్దుటినుంచి నిలబడే ఉంది. ప్లాను కాగితం పట్టుకుని మేస్త్రితో చివరి ముక్కలు సరిచూసుకుంటోంది.

"మెట్ల కింద ఏం రాయమంటారు మేస్త్రిగారూ? ఇక్కడ ఖాళీగా వదిలేశారు."

"ఏం రాస్తారమ్మా! చీపుళ్ళు, విరిగిన కుర్చీలు. ఎక్కడైనా మెట్ల కింద చేరేవి అవేగా."

కోళ్ళ బాబాయి చెప్పులు వేసుకుంటున్నవాడల్లా ఆగాడు. "మెట్ల కింద ఖాళీ ఉందా? చెప్పరే! నా కోళ్ళు..."

"అది నాది" అంది మిషను వదిన.

గట్టిగా అనలేదు. కూర్చున్న చోటినుంచి లేవనూ లేదు. కానీ పోతున్నవాళ్ళు ఆగిపోయారు.

"నీదేంటి?" అన్నాడు బాబాయి.

"పైపులో నీళ్ళు."

ఒక నిమిషం పాటు ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆడవాళ్ళలో ఒక చిన్న కదలిక వచ్చింది. ఆయా, కొడుకుని చంక మార్చుకుంటూ, "అవును మరి. పైపులో నీళ్ళు ఆవిడవే" అంది.

"నీళ్ళు వేరు, జాగా వేరు!"

"ఏం వేరు బాబాయ్?" ఇప్పుడు లేచింది ఆమె. "ఇళ్ళు పంచాను. అందరివీ అయ్యాక ఆఖరిది నేను తీసుకున్నాను. పంచగా ఎవరి లెక్కలోకీ రాకుండా మిగిలింది ఇది. ఇన్నేళ్ళలో పైపు బరువెంతో ఎవరైనా ఒకసారి వచ్చి చూశారా? రెండో కొస ఎత్తి పట్టుకున్నారా? పట్టుకోనివాళ్ళు నీళ్ళూ అడగలేదు. అది మీ మంచితనమే అనుకున్నాను. ఇప్పుడూ అలాగే అడగకండి."

ఆమె అంత పొడుగు మాట ఆడడం ఆ వీధి ఎప్పుడూ వినలేదు. ఆమె కూడా వినలేదు.

ఆఫీసమ్మాయి దగ్గరికి వచ్చింది. "అక్కా, అది ఎవరి పేరునా రాయడానికి వీల్లేదు. అందరి జాగా కింద లెక్క. గోడ కట్టకూడదు, తలుపు పెట్టకూడదు. పగలు మిషను పెట్టుకుని కూర్చోవచ్చు, అదీ అందరూ ఒప్పుకుంటేనే. రాత్రికి మిషను తీసెయ్యాలి."

"మూడో అంతస్తు నుంచి రోజూ మిషను దించి, మళ్ళీ ఎక్కించాలా?"

ఆఫీసమ్మాయి తల దించుకుంది. ఆ రూలు ఆ పిల్ల పెట్టింది కాదు.

"రాత్రిళ్ళు మా ఇంట్లో పెట్టుకో అమ్మాయ్" అన్నాడు లిఫ్టు మావయ్య. "మెట్ల పక్కదే కదా. లోపలికి ఎక్కించుకోవడం, బయటికి దించడం... ఆ పని నాకు బాగా వచ్చు."

చేతులెత్తమన్నారు. ఆయా మొదట ఎత్తింది. ఆ తర్వాత చేతులు లేచాయి, ఒక్కొక్కటే, పెద్ద ఉత్సాహమేం లేకుండా. కోళ్ళ బాబాయి చెయ్యి తల దాకా పోయి ఆగింది.

"ఎత్తినట్టా బాబాయ్?" అన్నాడు మేస్త్రి.

"దురద పెట్టింది. ఎత్తినట్టే రాసుకోండి" అని విసవిసా నడిచిపోయాడు. నాలుగు అడుగులు పోయి వెనక్కి తిరిగి, "నా సంచి జిప్పు అయిందా?" అన్నాడు.

"కుట్లు విప్పాను. రేపిస్తా."

"రేపంటే రేపే!"

జనం పలచబడ్డారు. ఆమెకి గెలిచినట్టు లేదు. బిందె అడుగున బుడబుడమన్న చప్పుడు విన్నట్టుంది, అంతే. మేస్త్రి సామాను సర్దుకుంటుంటే అడిగింది.

"మేస్త్రీ, దాని ఎత్తెంత ఉంటుంది? నేల మీద గీతలో ఏం తెలుస్తుంది!"

అతను ఒక క్షణం ఆలోచించి, ఒక కర్ర పాతాడు. దాని తలకి తాడు కట్టి, మెట్లు ఎలా దిగి వస్తాయో అలా ఏటవాలుగా లాగి, రెండో కొస నేల మీద మేకుకి కట్టాడు. "ఇదిగో, ఇదే నీ కప్పు. మొన్న మెట్లు ఒక అడుగు కోయించారు చూడు, అందుకని ఇంకా నిటారు. అటు పక్క ఎత్తు బాగానే వస్తుంది గానీ, కుర్చీ అక్కడేస్తే దారికి అడ్డం. ఇంకాస్త లోపలికి జరగాలి."

ఆమె ఒక చాప మడిచి లోపలికి వేసుకుని కూర్చుంది. తాడు పాపిట మీద తగిలింది. కొంచెం జరిగింది. మళ్ళీ తగిలింది. మెడ వంచింది. మిషను మీదకి ఎలాగూ వంగే కూర్చోవాలి కదా అనుకుంది. రోజంతా అనే మాట మాత్రం అనుకోలేదు.

అప్పుడు కనిపించాడు మొగుడు. వీధి వెనక సందులోంచి, ఒక చేత్తో గోడ పట్టుకుని, ఒక చేత్తో నడుం పట్టుకుని వస్తున్నాడు. ఎంత సేపటికింద బయల్దేరాడో. గోడ అయిపోయిన చోట ఆగి ఊపిరి పీల్చుకున్నాడు. అక్కడినుంచి దుప్పట్ల తాళ్ళు పట్టుకుని వచ్చాడు.

"అడిగావా?"

"అడిగాను."

"నిజంగా అడిగావా?"

"నిజంగానే అడిగాను."

"ఏమన్నారు?"

"నువ్వు పైన. మూడో అంతస్తు. నేను పగలు ఇక్కడ."

ఆయన తాడునీ, తాడు కింద మెడ వంచుకున్న పెళ్ళాన్నీ చూశాడు. కోపం వస్తుందేమో అనుకుంది. తిడితే బాగుండు అని కూడా అనుకుంది. తిడితే తిరిగి తిట్టి ఏడవచ్చు. ఆయన తిట్టలేదు. సున్నంతో గీసిన మెట్ల వైపు తిరిగాడు.

"ఇవేనా మెట్లు?"

"ఇవే" అన్నాడు మేస్త్రి.

ఆయన మొదటి గీత మీద కాలు పెట్టాడు. నిదానంగా, ఒక్కో గీతకీ ఒక్కో అడుగు. మలుపు దగ్గర ఆగి, ఒక చెయ్యి నడుం మీద పెట్టుకుని, తిరిగి ఇటు వచ్చాడు. ఒకటో అంతస్తు. మళ్ళీ అటు. మళ్ళీ ఇటు. రెండు. నుదుటి మీద చెమట పట్టింది. నేల మీద నడిచినందుకే పట్టింది. మూడోసారి మలుపు తిరిగేటప్పుడు దుప్పటి పట్టుకున్నాడు. మేస్త్రి సాయం పట్టబోతే వద్దన్నట్టు తల ఊపాడు.

"వచ్చేశానే పైకి" అన్నాడు, ఆమెకి రెండు బారల దూరంలో నిలబడి. "గాలి బాగా వస్తోంది."

ఆమె నవ్వింది. నవ్వు సగంలో తాడు నెత్తికి తగిలింది.

"దిగేటప్పుడు కేకెయ్యి" అంది. "కిందే ఉంటాను."

మేస్త్రి కర్ర పీకడానికి వచ్చి, ఆమె లేవకపోయేసరికి ఆగాడు. "ఇంక లే వదినా. అలా మెడ వంచుకుని ఎందుకు, మెట్లు ఇంకా కట్టందే!"

"ఉండనీ మేస్త్రీ. కాసేపు అలవాటు చేసుకోనీ" అని, ఆమె చిక్కుపడ్డ దారం ఒళ్ళో పెట్టుకుని విప్పడం మొదలుపెట్టింది.